ఎమ్మిగనూరులో కనకవేణి

ఆదోని,
4-11-2024

తమ్ముడు మద్దయ్యకు,

ఆదోనిలో అక్క ఇంటికి దారి మర్చిపోయినోనికి టాకీసుకు దారి ఎవరు చూపించినార్రా? పరిశుద్ధాత్మ చూపించిందా, నీ తోటి పెద్ద దుర్గప్ప చూపించినాడా?

ప్రభువు నామంలో నీకూ మరదలు శ్రీశైలమ్మకూ వందనాలు. వందనాలు ముందు రాయాల్సింది, కోపం ముందొచ్చింది. అట్లే ఉండనీ.

మా పక్కింటి జైనాబ్ బీ టాకీసు గేటు కాడ బొరుగులు అమ్ముతాది. మొన్న నీళ్ళ కుళాయి కాడ నన్ను నిలబెట్టి అడిగింది. "సుగుణక్కా, మీ తమ్ముడు తెల్లచొక్కా వేసుకొని, ఇంకో ముగ్గురు తెల్లచొక్కాలోళ్ళను ఎంటబెట్టుకొని వచ్చినాడు. టాకీసులో ప్రార్థన సభ పెట్టినారా?" అని. ఒక్కసారి కాదంట. మల్ల మల్ల వచ్చినారంట. పోయినసారి వచ్చినప్పుడు ముందర వరుసలో సీటు కోసం కొట్లాడినారంట. నేనేం చెప్పల్ల ఆమెకు? సంఘ పెద్దలు పాపాన్ని దగ్గర్నుంచి చూసి కొలతలు తీసుకుంటాండారని చెప్పల్లా?

ఆ సినిమా నాకు తెల్వందేం కాదు. మన నాయన కాలం నాటి రాజుల కథ. ఇప్పుడు రంగులేసి మల్ల వదిలినారు. మా మార్కెట్ యార్డు గోడ నిండా దాని పోస్టర్లే. కనకవేణి అనే నాట్యకత్తె పట్టుపరుపు మీద ఒరిగి, ఒక చేత్తో ద్రాక్షగుత్తి, ఇంకో చేత్తో రాజు కిరీటం పట్టుకొని ఉంటాది. కింద 'రాజ్యాన్ని మింగిన రమణి' అని పెద్ద అక్షరాలు. ఆ గోడ ముందర నిలబడే నేను శనివారం వాక్యం చెప్పినా. ఎప్పుడూ లేనంత మంది మగోళ్ళు నిలబడి విన్నారు. తల తిప్పకుండా విన్నారు. నా తలకాయ పైనించి విన్నారు.

ఫోన్ చేసి అడగొచ్చు గదా అంటావేమో. ఫోన్‌లో గట్టిగా అడిగితే నీకు సిగ్నల్ పోతాది. జాబుకు సిగ్నల్ అక్కర్లేదు. చదవకుండా ఉండనూ లేవు. జవాబు కూడా జాబులోనే రాయి.

చెనిక్కాయల పొడి బస్సులో పంపించినా. సినిమాకొచ్చినోనివి వచ్చి తీసుకుపోయుంటే కండక్టరుకు చెప్పే పని తప్పేది.

నీ అక్క, ఇప్పటికైతే అక్కనే,
సుగుణమ్మ


ఎమ్మిగనూరు,
8-11-2024

ప్రభువునందు ప్రియమైన అక్కకు నీ తమ్ముడు మద్దయ్య వందనములతో వ్రాయునది ఏమనగా,

పొడి అందింది. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది. శ్రీశైలమ్మ బాగుందనింది, నేను నిజం చెప్తాండా.

అక్కా, నువ్వు తొందరపడి మాట్లాడినావు. మేము ఆ సినిమా చూడ్డానికి పోలేదు, పరిశీలించడానికి పోయినాము. శత్రువు ఎట్ల వస్తాడో తెల్వకుండా కావలి ఎట్ల కాస్తాము? సంఘంలో పడుచు పిల్లోళ్ళు ఉండారు. గురుప్రసాద్ లాంటోళ్ళు ఫోన్లోనే ఆ సినిమా చూస్తాండారు. పెద్దలుగా మాకు బాధ్యత ఉంది. ఒకసారి చూస్తే కథ మాత్రమే అర్థమయితాది. అందులోని అపాయం అర్థం కావాలంటే మల్ల చూడాల్సిందే.

అబ్బా, ఏం అపాయమక్కా! ఆ కనకవేణి నడిచొస్తే కాలి అందె ముందు వినపడతాది, మనిషి తరువాత కనపడతాది. కండ్లకు కాటుక ఇంత పొడవు. మొదట సేనాపతిని పట్టింది, తరువాత మంత్రిని, తరువాత రాజును. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. గదిలోకి పోతాది, దీపం తగ్గిస్తాది, తలుపు నిమ్మళంగా దగ్గరికేస్తాది. అంతే. ఆ తలుపేసే తావున టాకీసంతా ఈలలు. మేము ఈల వెయ్యలేదు. దుర్గప్ప ఒక్కడు వేసినాడు, అది కూడా ఖండిస్తా వేసినాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దుర్గప్ప ఒక మాటన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. "మద్దయ్యా, మన వీధిలోనే ఒక కనకవేణి ఉంది, నీకు తెల్వదా?" అన్నాడు. ఎవరప్పా అంటే భవాని అన్నాడు.

భవాని నీకు తెలుసు. మన మాదన్న భార్య. మాదన్న పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఇండ్లకు పోయి పడుగు అతికి బతుకుతాంది. మగ్గం మీద పాత పడుగు అయిపోతానే ఎవరింట్లోనైనా పిలిచేది భవానినే. పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి, వేళ్ళకు బూడిద అద్దుకొని ఒక్కొక్కటి మెలేస్తాది. ఒక పూట పడతాది. ఆ పూటంతా భవాని ఏమంటాది? ఫ్యాన్ ఆపమంటాది. తలుపు దగ్గరికెయ్యమంటాది. ఈ పూట ఈ ఇంట్లో, రేపటి పూట ఇంకో ఇంట్లో. అన్ని ఇండ్లల్లో మగోళ్ళుండారు. నువ్వే చెప్పు.

నేను కూడా గమనించినా అక్కా. మొన్న మా ఇంట్లో అతకడానికొచ్చింది. భవాని వచ్చి మగ్గం వెనకాల కూర్చునింది. భవాని తలుపేయమనింది. గాజులు చప్పుడైనాయి. భవాని కొంగు నడుముకు దోపుకునింది. నాకు ఒక్కసారిగా ఆ సినిమా అంతా కండ్ల ముందర తిరిగింది. వెంటనే కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకున్నా. మధ్యలో తెరిచి చూస్తే ఇంకా అతుకుతానే ఉంది.

ఇట్లాటి దానికి వాక్యంలో ఏముందో రాసి పంపు.

ఇట్లు,
నీ తమ్ముడు,
మద్దయ్య, సంఘ పెద్ద


ఆదోని,
11-11-2024

మద్దయ్యా,

సంఘ పెద్ద అని సంతకం పెట్టినావు. ఆ జాబు రాసినోడు మాత్రం సంఘ పెద్ద కాదురా, నేల టికెట్టోడు.

వాక్యంలో ఏముందో రాయమన్నావు. రాస్తాండా, విను. తొలి మగోడు పండు తిన్నాడు. తినేటప్పుడు రుచి అడగలేదు, ఎవరిచ్చినారని అడగలేదు. దేవుడొచ్చి అడిగినప్పుడు మాత్రం ఆడమనిషి మీదికి వేలు చూపించినాడు. ఆ వేలు ఇంతవరకు దిగలేదు. తండ్రి నుంచి కొడుక్కి అట్లే దిగొచ్చి ఇప్పుడు దుర్గప్ప చేతికొచ్చింది. మిద్దె మీదికెక్కి, స్నానం చేస్తాండే పరాయి ఆడమనిషిని చూసిన రాజు కథ కూడా అందులోనే ఉంది. ఆ రాజును ఆమె మిద్దె ఎక్కమనిందా? దేవుడు ప్రవక్తను పంపింది ఆమె ఇంటికి కాదు, రాజు ఇంటికి. ఆ అధ్యాయం మీ మందిరంలో గ్రంథానికి చెదలు పట్టి పోయిందా?

ఇంగ మీ కనకవేణి సంగతి. ఒక సేనాపతి, ఒక మంత్రి, ఒక రాజు, ముగ్గురికి ముగ్గురూ ఒక అందె చప్పుడుకు పడిపోయినారంటే ఆ రాజ్యం పడగొట్టడానికి నాట్యకత్తె ఎందుకు? ఎవరన్నా గట్టిగా తుమ్మినా పడేదే. రాజ్యాన్ని మింగిన రమణి అంట. మింగుతాంటే వీళ్ళు ముగ్గురూ ఏం చేస్తాండ్రి, వడ్డిస్తాండ్రా?

ఒరే, మనమ్మ చేసింది కూడా పడుగు అతికే పనే. మర్చిపోయినావా? గాలి తగిలితే విడి పోగులు ఒకదాంట్లో ఒకటి దూరి చిక్కు పడతాయి. అందుకే తలుపేస్తారు. ఇది ఎమ్మిగనూరులో నడక రాని పిల్లోడు కూడా ఎరిగిన సంగతి. మనమ్మ తలుపేయమంటే మన నాయన బీడీ కూడా ముట్టించకుండా బయట అరుగు మీద కూర్చుండేవాడు. భవాని ఇన్నేండ్లుగా తలుపేస్తాంటే మీకు ఆ తలుపెనక పోగులు కనపడినాయి. సినిమాలో ఒక తలుపు చూసొచ్చినాక పోగులు పోయి గాజులు కనపడతాండాయి. మారింది ఎవురు? భవానా?

నీ జాబు మల్ల మల్ల చదివినా. శ్రీశైలమ్మ పేరు పొడి కాడ వచ్చింది, అంతే. భవాని పేరు లేని వరుస లేదు. భవాని వచ్చిన పూట శ్రీశైలమ్మ యాడుంది? ఊర్లో లేదా? నాకు భయమైతాంది. నువ్వు భవాని గురించి నాకు చెప్తాండావో, నీ గురించి ఒప్పుకుంటాండావో.

కాబట్టి అక్కగా చెప్తాండా. భవానిని ఇంట్లోకి పిలిచే ముందర జాగ్రత్తపడు. సైతాను మీ గడప దాటి లోపలికొచ్చినాడు. వాడు భవాని కొంగు పట్టుకొని రాలేదు, నీ కండ్లలో కూర్చొని ఆదోని బస్సులో వచ్చినాడు.

మోకరించు. సినిమా గుర్తుకొస్తే మల్ల మోకరించు.

సుగుణమ్మ


ఎమ్మిగనూరు,
18-11-2024

అక్కకు వందనములు,

నువ్వు చేసిన పనికి నేను మూడు పూటలు సద్దన్నం తింటాండాను. నీ జాబు నాకు రాలేదు. పోస్టు మనిషి శ్రీశైలమ్మ చేతికిచ్చిపోయినాడు. ఆమె చదువుకునింది. చదివి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టింది. అరిచినా బాగుండు. అన్నం పెడుతుంది, నా వైపు చూడదు. చూడకుండానే కరెక్టుగా నా కంచంలో వేస్తుంది, అదే భయం.

నేను అట్లాటోణ్ణి కాదని ఆమెకు తెల్వాల. వీధికి తెల్వాల. నీక్కూడా తెల్వాల. అందుకని ఆలోచించి, ప్రార్థించి, నిన్న ఆదివారం ఆరాధనలో లేచి నిలబడినా. ఇంగమీదట మన సంఘంలో ఏ ఇంటివాళ్ళూ భవానిని పడుగు అతకడానికి పిలవకూడదు, తలుపులేసి చేసే పని ఏదైనా మన ఇండ్లలో ఉండకూడదు అని చెప్పినా. ఆడోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఎందుకప్పా అని వెనకాల నుంచి ఒకరు అడిగినారు.

అప్పుడు దేవుడు నాకు నీ జాబు గుర్తుచేసినాడు. జేబులోనే ఉంది గదా. తీసి చదివినా. 'భవానిని ఇంట్లోకి పిలిచే ముందర జాగ్రత్తపడు. సైతాను మీ గడప దాటి లోపలికొచ్చినాడు.' ఈ రెండు వరుసలు. ఆదోని సుగుణక్క రాసిందని చెప్తానే అందరి తలలూ ఊగినాయి. నీ మాటకు ఈడ ఎంత విలువుందో నువ్వు చూడాల్సింది. దుర్గప్ప అందరికంటే ముందు ఆమేన్ అన్నాడు. ఒక్కరూ కాదనలేదు.

భవాని ఆడవాళ్ళ పక్క చాప మీద కూర్చోనుండె. లేచి, తలమీద కొంగు సర్దుకొని బయటికి పోయింది. తప్పు చేసినోళ్ళు అట్లే పోతారని దుర్గప్ప అన్నాడు.

ఇంగ నువ్వు నన్ను అనుమానించే పని లేదు. శ్రీశైలమ్మకు కూడా ఒక ముక్క రాయి, మీ ఆయన మంచోడని.

నీ తమ్ముడు,
మద్దయ్య


ఆదోని,
20-11-2024

మద్దయ్యా,

రెండు వరుసలు చదివినావా? మూడో వరుస ఎవురు చదవల్ల, మందిరం గోడా?

నేను జిన్నింగు మిల్లులో పత్తి ఏరుకుంటా, సంచుల మీద రాసిన అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. ఒక్కో అక్షరం కూడబలుక్కొని రాసినా ఆ జాబు. నువ్వు దాన్ని దుర్గప్ప ఈల మాదిరి వాడుకుంటివి. వాక్యాన్ని కూడా నువ్వు ఇట్లే చదువుతావు గదరా. ఎదుటోనికి తగిలే కాడికి చదివి, నీకు తగలబోయే ముందర పుస్తకం మూస్తావు. మీ సంఘమంతా అట్లే నేర్చుకునింది నీ దగ్గర.

నా పేరు చెప్పి ఒక ఆడమనిషి నోటికాడి కూడు తీసినావు. దానికి మగ్గం లేదు, భూమి లేదు, మొగుడు లేడు. ఇండ్లకు పిలిస్తేనే తిండి. పిలవకపోతే వీధిలో నిలబడినా ఎవురూ తలెత్తి చూడరు. పేరు పోయినాక ఆ ఊర్లో ఏ గడపెక్కుతాది? నువ్వు నీ కంచంలోకి అన్నం వేడిగా రావాలని దాని కంచం బోర్లించినావు.

వచ్చే ఆదివారం నిలబడు. ఆ జాబు మొదట్నుంచి కడవరకు చదువు. మిద్దె మీది రాజు కాడ నుంచి ఆదోని బస్సు వరకు. ఒక్క అక్షరం మింగకుండా.

ఈ కింది మాట శ్రీశైలకు. శ్రీశైలా, తల్లీ, నీ కోపం నాకు అర్థమైతాంది. కానీ భవాని మీద పెట్టుకోవద్దు. ఆ పిల్లది తప్పు లేదు. మొగుడి కండ్లు చెడితే దానికి ఇంకో ఆడమనిషి మందు కాదు, రోగమూ కాదు. దాన్ని క్షమించు.

సుగుణమ్మ


ఎమ్మిగనూరు,
25-11-2024

అక్కా,

ఆదివారం చదువుదామని పోయినా. జేబులో చెయ్యి కూడా పెట్టినా. దుర్గప్ప నన్నే చూస్తాండాడు. ఆ దినం పాటలు ఎక్కువైనాయి, టయిం లేదు.

ఈడ పరిస్థితి బాగలేదు. పండగ గిరాకీ ముందర ఇండ్లల్లో పడుగులు అయిపోతాండాయి. అతికేవాళ్ళు లేరు. మనమే అతుకుదామని దుర్గప్ప, గురుప్రసాద్, నేను దుర్గప్ప ఇంటి మగ్గం కాడ కూర్చున్నాము. తలుపేద్దామంటే వెయ్యకూడదు గదా, సంఘంలో నేనే చెప్పినా. ముగ్గురం మగోళ్ళమే ఉండాము, వేస్తే ఏమైతాదని గురుప్రసాద్ అడిగినాడు. మాట మాటే, అందరూ చూస్తాండారని దుర్గప్ప తలుపు బార్లా తెరిపించినాడు. ఎదురుగా రోడ్డు మీద లారీ పోయింది. గాలి లోపలికొచ్చింది. ఏం చెప్పమంటావు. పట్టుపోగులన్నీ కాకిగూడు మాదిరి అయిపోయినాయి. చిక్కు తీద్దామని దుర్గప్ప ఒక కొస లాగినాడు, గురుప్రసాద్ ఇంకో కొస లాగినాడు. కడాకు కత్తెర తెచ్చినారు. ఇప్పుడు భవాని శాపం పెట్టిందని దుర్గప్ప అంటాండాడు. తలుపు తీసినా ఆమెదే తప్పంట, వేసినా ఆమెదే తప్పంట.

నీ జాబు శ్రీశైలమ్మ చదివింది. కింద ఆమెకు రాసిన మాట చదివి చాలా దినాల తరువాత నోరు తెరిచింది. నేను సంతోషపడినా. తరువాత ఆమె అన్న మాట ఇది.

"వదినకు నేను ఊర్లో లేనని ఎవరు చెప్పినారు? ఆ పూటంతా నేను భవాని పక్కనే కూర్చొని పోగులు అందిచ్చినా. ఆ పిల్ల తల ఎత్తలేదు. నువ్వు దాన్ని చూస్తాంటివి. నేను నిన్ను చూస్తాంటి. నా కోపం దాని మీద ఎందుకుంటాది?"

నేను ఆమెను చూడలేదక్కా. అంటే శ్రీశైలమ్మను. ఆమె ఆడుందని నాకు గుర్తే లేదు.

ఇంకో సంగతి. నిన్న పొద్దుటి నుంచి భవాని ఇంటికి తాళం వేసుంది. ఎవరికీ చెప్పలేదంట. యాడికి పోయిందో తెలీదు. నాకు ఒక రకంగా మంచిదే అనిపిస్తాంది. కొన్నాళ్ళు పోతే అందరూ మర్చిపోతారు. వచ్చే నెలలో ఎప్పుడైనా మాట్లాడదాము. అంతవరకు నువ్వు ప్రార్థనలో పెట్టు.

నీ తమ్ముడు,
మద్దయ్య


ఆదోని,
27-11-2024, పొద్దున

మద్దయ్యా,

ఈ జాబు పోస్టులో వెయ్యలేదు. జిలాని బాషా మా వీధిలో ఆటో తోలే పిల్లోడు, జైనాబ్ బీ కొడుకు. వాని చేతికిచ్చి పంపిస్తాండా. చేతికిచ్చినాక అక్కడే నిలబడమని చెప్పినా. వాడు నీ ముందరే ఉంటాడు.

భవాని మా ఇంట్లో ఉంది.

ఆదివారమే వచ్చింది. వచ్చి కొట్లాడుతుందేమో అనుకున్నా. కాళ్ళు కడుక్కొని, గోడకానుకొని కూర్చొని, "సుగుణక్కా, ఆ మాటలు మీవేనా?" అని అడిగింది. నావే అని చెప్పినా. ఇంగేం చెప్తా? నా నోట్లో నుంచి వచ్చిన మాటే గదా అది. నిన్ను కొరుకుదామని పదును పెట్టినా, పోయి దానికి తగిలింది. నీ కండ్ల గురించి రాయాలనుకున్నదాన్ని నీ కండ్లతోనే మొదలుపెట్టాల్సింది. దాని పేరుతో మొదలుపెడితిని. నువ్వు కోసుకోడానికి వీలుగా రాసిచ్చినట్టయింది.

"మూడో వరుస ఏముందక్కా?" అని అడిగింది. చెప్పినా. ఆదోని బస్సు కాడికొచ్చేసరికి నవ్వింది. నవ్వి, "అది ఆడ చదివుంటే ఈ పొద్దు నేను దుర్గప్ప మామ ఇంట్లో పడుగు అతుకుతాంటి గదా" అనింది. ఆ తరువాత నవ్వలేదు.

సోలాపూర్ పోతాంది. ఆడ తువ్వాళ్ళ మిల్లులో ఎవరో తెలిసినామె ఉందంట. నేనుండమన్నా. నా ఇంట్లో ఉండమన్నా, మార్కెట్ కాడ నాతో పాటు పని చూపిస్తానన్నా. వద్దనింది. నేను ఎమ్మిగనూరుకు వచ్చి అందరి ముందర మాట్లాడతానన్నా. "మీరు చెబితే వింటారు, తల ఊపుతారు. నా పేరు చెడగొట్టింది వాళ్ళు. నిజం వాళ్ళ నోటితోనే రావాల. లేకుంటే ఆ వీధిలో నేను నడవలేను" అనింది.

ఈ పొద్దు సాయంత్రం బండికి పోతాంది. టికెట్ తీసుకునింది.

వచ్చే నెల అన్నావు. వచ్చే నెల మీ పడుగు చిక్కు తియ్యడానికి ఎవరొస్తారని కాదు నేను అడిగేది. అది చిక్కు పడనీ, కాలిపోనీ. ఆదివారం అంటావేమో. ఆదివారం పాటలు ఎక్కువుంటాయి, నాకు తెలుసు. దుర్గప్ప చూస్తాడు, నాకు తెలుసు. అందుకే ఆదివారం వరకు ఆగేది లేదు. దుర్గప్ప వస్తానంటే ఎక్కించుకో. రానంటే ఆడనే వదిలెయ్, బతిమిలాడ్డానికి టయిం లేదు. గురుప్రసాద్‌ను తీసుకో, ఆ పిల్లోడు ఒక్కడు సరిగ్గా అడిగినాడు మీ అందరిలో. శ్రీశైలను నీతో పాటే కూర్చోబెట్టు. నా మరదలు నీ పక్కన ఉందని దారంతా గుర్తుపెట్టుకో.

ఆదోని స్టేషన్‌కు రండి. నేను ప్లాట్‌ఫారం మీద ఉంటా. మొదట నేను చెప్తా, నా జాబులో నేనెట్ల తప్పు రాసినానో. అందరి ముందరే చెప్తా, టీ అమ్మేటోళ్ళు, మూటలోళ్ళు అందరూ వింటారు. తరువాత నువ్వు చెప్పల్ల. మందిరంలో ఎంత గొంతు లేపి చెప్పినావో అంతే గొంతుతో. భవాని తలుపేసింది పోగుల కోసం, నేను చూసింది నా సినిమా, సుగుణక్క జాబులో మూడో వరుస నేను మింగినా అని. నోరు తడబడితే తడబడనీ. దానికి ఆ మాటలే కావాల, అందంగా ఉండక్కర్లేదు.

వచ్చినాక కూడా అది బండెక్కుతుందేమో. ఎక్కితే ఎక్కనీ, అది దాని ఇష్టం. కానీ నీ మాట విని ఎక్కాల. నువ్వు రాలేదని ఎక్కకూడదు.

జాబు మడవద్దు. జేబులో పెట్టద్దు. జిలానికి ఆటో ఇంజన్ ఆపొద్దని చెప్పినా, వాడు ఆపలేదు, వినపడతాంది గదా నీకు. శ్రీశైలను పిలువు. మగ్గం మీద నుంచి లెయ్. చొక్కా ఏదైనా ఒకటి వేసుకో, తెల్లదే కానక్కర్లేదు. లెయ్ మద్దయ్యా, ఇప్పుడే ఆటో ఎక్కు.

మీ కోసం స్టేషన్‌కు పోతాండే
సుగుణమ్మ